నలభై ఒకటో గది

ఇరవై ఆరేళ్ళు ప్రూఫు రీడరుగా అచ్చుతప్పులు ఏరిన మనిషికి, ప్రెస్సు మూతపడ్డాక దొరికిన ఉద్యోగం ఆటలాడటం. వినేవాళ్ళకు నవ్వులాటగా ఉండేది. "పెట్టి పుట్టావోయ్, జీతమిచ్చి మరీ ఆడిస్తున్నారు" అనేవాడు భర్త, లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఆడిన ఆటే ఆడి, ఓడినచోటే మళ్ళీ ఓడి, ఎందుకోడిందో కాగితం మీద రాయడం ఆట ఎలా అవుతుందో ఆయనకు విడమరిచే ఓపిక సాయంత్రానికి ఆమెలో మిగిలేది కాదు.

ఆఫీసు అంటే రెండు గదులు. ఎక్కడెక్కడివాళ్ళో తలా ఒక బొమ్మ రూపం తొడుక్కుని కంప్యూటరు తెరమీద కలిసి తిరిగే వర్చువల్ లోకాలున్నాయి కదా, అక్కడ జనం సరదాకి కట్టుకున్న చిన్న చిన్న పజిల్ ఆటలను తెచ్చి, జేబులో పట్టే కన్సోళ్ళలోకి మార్చడం వాళ్ళ పని. మార్చిన ప్రతి పజిల్‌నూ ఆమె తన చేత్తో విప్పి "సరిచూశాను" అని సంతకం చేయాలి. ఆ సంతకం లేనిదే ఆట గడప దాటదు. వేసిన ప్రతి ఎత్తునూ నోటుపుస్తకంలో వరుస అంకెలతో రాసుకునేది. అలా పదిహేడు పుస్తకాలు నిండాయి, ఒక్కటీ పారేయలేదు. కంటపడ్డ తప్పును వదలదని ఆఫీసులో ఆమెకు 'పట్టకారు' అని పేరు.

అటువంటి మనిషిని నిలువునా కూలదోసింది పెట్టెల ఆటలో నలభై ఒకటో గది.

ఆటలో బ్రహ్మవిద్యేమీ లేదు. గడుల నేల, మూడు పెట్టెలు, గుర్తు వేసిన మూడు గడులు, తోయడానికో బొమ్మ. నేల నూనె పోసినంత నున్నన. తోసిన పెట్టె గోడకో మరో పెట్టెకో తగిలేదాకా జారుతూనే ఉంటుంది. మూడింటినీ గుర్తుల మీద ఆపితే తలుపు తెరుచుకుంటుంది. మొదటి నలభై గదులూ నాలుగు రోజుల్లో విడిపోయాయి. నలభై ఒకటో దాంట్లో రెండు పెట్టెలు చెప్పినమాట వినేవి. మూడోది గది నడుమనున్న గుర్తును దాటిపోయి గోడకు కొట్టుకునేది. ఒకటి కాదు, రెండు కాదు, ఆరు రోజులు. అట్టముక్కలను పెట్టెలుగా కత్తిరించి వంటింటి బల్లమీద పరిచింది. ఆ ధ్యాసలో రెండుసార్లు పాలు పొంగిపోయాయి.

ఏడో రోజు ఫారంలో 'విడదు' అన్నచోట టిక్కు పెట్టి మేనేజరుకిచ్చింది.

"విడదా? మేడమ్, అక్కడ ఆ లోకంలో దీన్ని పదకొండు వేలమంది విప్పారు. రికార్డు నా దగ్గరుంది. అంతమందికి విడింది మీకు విడలేదంటే..."

"అంటే?"

"నేనేమీ అనట్లేదు. కళ్ళు అలిసిపోయాయేమో. శుక్రవారం దాకా చూడండి. అప్పటికీ కాకపోతే వేరేవాళ్ళకిద్దాం. ఇదొక్కటే కాదు, అన్నీ."

మర్నాడు ఆ మాటే కాగితం మీదికెక్కింది: "వయోభారం దృష్ట్యా పరీక్షకురాలి సామర్థ్యమును పునఃపరిశీలించవలసి యున్నది." పదిహేడో పుస్తకంలో మడతపెట్టి ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ఒక మనిషి బుర్రను తూచడానికి ఒక్క వాక్యం చాలనుకున్నవాడికి, ఆ గదిని తానొక్కసారి ఆడి చూద్దామని తోచలేదు. కుర్చీ దొరికితే ఎదుటివాళ్ళ తెలివిని కొలిచే హక్కు దానివెంటే వస్తుందనుకునేవాళ్ళకు ఏ కాలంలోనూ కొదవలేదు.

ఆమెను కుంగదీసింది ఉద్యోగం సంగతి కాదు. ఆమె తల్లి చివరి రోజుల్లో పొయ్యి వెలిగించి, ఎందుకు వెలిగించిందో మరిచిపోయి, మంటను చూస్తూ నిలబడిపోయేది. అప్పుడు ఆవిడకెంత వయసో ఈమెకిప్పుడంత. అట్టముక్కల ముందు కూర్చున్నప్పుడల్లా ఆ మంటే కళ్ళలో మెదిలేది. తన బుర్ర నిలిచే ఉందా, జారిపోతోందా? తేలవలసింది అదొక్కటే.

"ఏమండీ, ఈమధ్య నేనేమైనా మరిచిపోతున్నానా?"

"నన్ను తిట్టడం ఒక్కపూటైనా మరిచిపోతావేమోనని ముప్పై ఏళ్ళుగా కాచుక్కూర్చున్నాను. అబ్బే!"

ఆమె నవ్వలేదు. ఆయన నవ్వూ సగంలోనే ఆగింది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ ప్రోగ్రామరు దగ్గరికి వెళ్ళింది. ఆ గదిని కన్సోల్‌లోకి మార్చింది అతనే.

"అసలు గది ఒక్కసారి చూపించు నాయనా. మూలంతో పోల్చకుండా నకలు దిద్దడం నా జన్మలో చేయలేదు. ఈ ఉద్యోగంలో చేరాక ఆ బుద్ధి ఎటుపోయిందో!"

"మూలమూ అచ్చం ఇంతే అక్కా. గీతగీతా సరిచూశాను" అంటూనే తెరిచాడు.

నిజమే, గీత తేడా లేదు. అతనిచ్చిన బొమ్మతో ఆమె తోసింది. రెండు పెట్టెలు ఆగాయి. మూడోది జారి గోడకు కొట్టుకుంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదనిపించింది.

ఇంతలో తెరమీద, గదిలోకి వచ్చే దారిలోంచి ఎర్రటోపీ బొమ్మ ఒకటి లోపలికొచ్చింది. దాని తలమీద అక్షరాలు వెలిగాయి: "నిలబడనా?"

"ఎవరిది?"

"ఎవరోలే అక్కా, దారినపోయేవాళ్ళు."

"నిలబడమను."

టోపీ బొమ్మ వెళ్ళి, గది నడుమనున్న గుర్తు పక్కగడిలో నిలబడింది, చాలాసార్లు చేసిన పనిలా. ఆమె తోసింది. పెట్టె జారి వచ్చి, ఆ బొమ్మ కాళ్ళకు తగిలి, గుర్తు మీద ఆగింది. తలుపు తెరుచుకుంది. టోపీ బొమ్మ చేయి ఊపి తన దారిన పోయింది.

ఆమె ప్రోగ్రామరు వైపు తిరిగింది.

"నువ్వీ గదిని ఎప్పుడు నకలు తీశావు?"

"ఖాళీ అయ్యేదాకా ఆగి తీశానక్కా" అన్నాడతను తల గోక్కుంటూ. "జనం అడ్డుగా ఉంటే నేల కనబడదని రెండు గంటలు కాపలా కాశాను. వాళ్ళూ ఆటలో భాగమే అనుకోలేదు."

ఇద్దరూ కలిసి రికార్డు తీసి చూశారు. పదకొండు వేలమందికి గది విడిన మాట నిజం. విడిన ప్రతిసారీ గదిలో ఇద్దరున్న మాటా అంతే నిజం. మేనేజరు ఎంతమంది విప్పారన్న వరుస చదివాడు. పక్క వరుస చదవలేదు. ఆమె నాలుగు పేజీల నివేదిక రాసి, నకలు ఉంచుకుని, మూలం మేనేజరు బల్లమీద పెట్టింది.

"ఓహో. అయితే ఆ రెండోవాడు నిలబడేచోట ఓ రాయి పెట్టేయమనండి" అన్నాడు తలెత్తకుండా.

"మరి ఆ కాగితం?"

"ఏ కాగితం?"

"మీరు మరిచిపోయినట్టున్నారు. నా దగ్గర భద్రంగా ఉంది."

శుక్రవారానికి రాయి వచ్చింది. పందొమ్మిది ఎత్తుల్లో గది విడింది. సంతకం చేసి, బరువుగా మెట్లు దిగి, ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా కూలబడింది.

"విడిందా?" అన్నాడు భర్త.

"విడింది. బుర్ర నిక్షేపంలా ఉంది."

"మరి ముఖం అలా వేలాడేశావేం?"

ఎర్రటోపీ సంగతి, మనిషి నిలబడాల్సినచోట రాయి పెట్టిన సంగతి మెల్లగా చెప్పింది. అంతా విని ఆయన లేచాడు. వంటింటి బల్లమీద ఇంకా పరిచే ఉన్న అట్టముక్కల మధ్య చూపుడువేలు నిలబెట్టాడు.

"ఇక్కడేనా?"

"ఒక గడి ఎడమకి."

వేలు జరిగింది. "ఊఁ, తోయి."

"అడ్డంగా నిలబడడం మీకొకరు నేర్పాలా!" అంటూ ఆమె కుర్చీ లాక్కుంది.