వెనక చక్రాలకు డిస్కులు వేసిన వేసవి

మొన్న మా మేనల్లుడు ఇంటికి వచ్చి, మామా ఇది నీకు నచ్చుతుంది చూడు అని ఫోను నా చేతిలో పెట్టాడు. అందులో ఏ దేశపు కుర్రవాడో కొండలెక్కే పెద్ద బండి ఒకదాన్ని పైకెత్తి నిలబెట్టి, వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు ఊడదీసి డిస్కు బ్రేకులు బిగిస్తున్నాడు. కావలసిన సామానంతా ఒకే అట్టపెట్టెలో వచ్చింది, చేతులకు తొడుగులున్నాయి, వెనక సన్నగా సంగీతం కూడా వినిపిస్తోంది. నా కాఫీ చల్లారేలోగా అతని పని అయిపోయింది. మెచ్చుకుంటానని మేనల్లుడు నా ముఖంలోకి చూస్తున్నాడు గాని, నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు. ఫోను వాడికిచ్చేసి వరండాలో అటూ ఇటూ తిరిగాను. ఆ పని ఒకప్పుడు నేనూ చేశాను, ఒక వేసవంతా చేశాను, ఎందుకు చేశానో అది మాత్రం వాడికి చెప్పలేదు.

తొంభైల చివర మా అనంతపురం వైపు ఎలా ఉండేదో నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. విత్తే అదునులో నాలుగు చినుకులు రాలి ఆశపెట్టేవి, వేరుశనగకు ఊడ దిగి కాయ ఊరే వేళకు ఆకాశం తెల్లగా కడిగిన పళ్ళెంలా అయిపోయేది. మా నాయన వరసగా వేరుశనగ వేసి వరసగా పోగొట్టుకుని, చివరికి ఎడ్లు అమ్మేసి, బళ్ళారి దగ్గర ఎవరో వదిలించుకుంటున్నారని తెలిసి ఒక పాత మిలిటరీ ట్రక్కును ఇంటికి తోలుకొచ్చాడు. నాలుగు చక్రాలూ లాగే బండి అది. ఇంటి ముందు నిలబెట్టిన రోజు ఊరంతా వచ్చి చూసి, యుద్ధమెప్పుడన్నా అని ఎగతాళి చేసిపోయారు.

ఆ ఎగతాళి ఎక్కువ కాలం నిలవలేదు. మా ఊరిని ఆనుకుని ఉన్న కొండ మీద గాలిమరలు నిలబెట్టే పని మొదలైంది. మావాళ్ళు వాటిని ఫ్యాన్లంటారు, మబ్బుల్ని తరిమేసేవి అవేనని, వాన పడకపోవడానికి కారణం అవేనని కొందరు ఈనాటికీ ఒట్టేసి చెబుతారు. వాటిని తెచ్చి నిలబెట్టకముందు మాత్రం ఏ వాన పడి చచ్చిందో ఎవరూ చెప్పరు. కొండ మీదికి డోజరుతో గీకిన మట్టిదారి తప్ప ఇంకేమీ లేదు. ఆ దారిని మామూలు లారీ సగం ఎక్కి వెనక్కి చూసేది. మా ట్రక్కు మాత్రం నీళ్ళ పీపాలు, సిమెంటు, కూలి మనుషులు అందరినీ మోసుకుని మూలుగుతూ ఎక్కిపోయేది. నాయన డ్రైవరు, నేను మిగతా అన్నీను. పైన పనివాళ్ళకు సంగటి కెలికి పెట్టే పని మా అమ్మది. పొద్దున ఊరి ఆడవాళ్ళతో కలిసి బండెక్కేది, సాయంత్రం అందరితోపాటు దిగేది.

ఎక్కడం సులువే, దిగడమే కష్టం. మాకు అమ్మినవాడు ముందు ఇరుసు ఏదో వేరే బండిది మార్చి ఉండటంవల్ల ముందు చక్రాలకు అప్పటికే డిస్కులుండేవి. వెనక మాత్రం పాత డ్రమ్ములే. చక్రం లోపల మూతపెట్టిన ఇనుప గిన్నె లాంటిదది; ఎర్రమట్టి దుమ్ము ఒకసారి లోపలికి పోతే బయటికి రాదు, దిగుడులో తొక్కీ తొక్కీ వేడెక్కితే గిన్నె వ్యాకోచించి, దాన్ని లోపలి నుంచి ఒరుసుకుని ఆపే లైనర్లకు అందదు. ఒక సాయంత్రం, చివరి మలుపుకు ముందు నిలువునా పడిపోయే నిట్రవాటు దిగుడులో సరిగ్గా అదే జరిగింది. నాయన తొక్కిన పెడలు నేలకంటింది, బండి ఆగలేదు. వెనక ఆడవాళ్ళంతా ఒకరిమీద ఒకరు పడ్డారు. నాయన గేరు తగ్గించి, బండిని కొండ వైపు మట్టి గట్టుకు ఒరిపించి, గట్టును చాలా దూరం గీరుకుంటూ పోయి ఆపాడు. గాజులు పగలడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ దిగి, చీర దులుపుకుని, గంప చంకన పెట్టుకుని, అడ్డదారిన నడుచుకుంటూ ఇంటికి పోయింది.

మిగతా ఆడవాళ్ళు నాలుగు పొద్దులు భయపడి మళ్ళీ ఎక్కారు. అమ్మ ఎక్కలేదు. విచిత్రమేమిటంటే పొద్దున పైకి పోయేటప్పుడు బండిలోనే వచ్చేది, సాయంత్రం దిగేటప్పుడే నడక. నాయన బండి స్టార్ట్ చేసి కాసేపు అలాగే ఉంచేవాడు, ఆమె ఎక్కుతుందేమోనని. ఆమె అటు చూడకుండా రాళ్ళ మధ్య కాలిబాటలో దిగిపోయేది. ఊళ్ళో ఇలాంటివి దాగుతాయా? టీ అంగడి దగ్గర ఒకాయన అందరి ముందరా, "ఏమన్నా, నీ ఇంటి మనిషే నీ బండి నమ్మకపాయ, మేమెట్ల ఎక్కేది?" అన్నాడు. నాయన నవ్వాడు. టీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాడు.

అప్పట్నుంచి నాయన తోలడం మారిపోయింది. అవసరం లేనిచోట బ్రేకు తొక్కేవాడు, మలుపు రాకముందే ఆపేవాడు, ఎక్కేటప్పుడు కూడా చేతులు స్టీరింగును పిసుకుతూ ఉండేవి. ఎడ్లు అమ్మినప్పుడు కూడా దిగులుపడని మనిషి అన్నం ముందు కూర్చుని, ఈ బండి అమ్మేస్తానని ఒకరోజు గోడతో చెప్పినట్టు చెప్పాడు. అమ్మ వినీ విననట్టు ఇంకో ముద్ద పెట్టింది. ఇద్దరికిద్దరూ సరే, మధ్య నాకే కాలు నిలవలేదు. అమ్మను మళ్ళీ ఆ బండిలో కూర్చోబెడితే నాయన మళ్ళీ మనిషవుతాడని నాకనిపించింది, అందుకు దారి వెనక బ్రేకులు మార్చడమేనని తీర్మానించుకున్నాను. ఆ రోజుల్లో నాకు ఒక ఆలోచన వస్తే నిద్ర పట్టేది కాదు, పక్కవాళ్ళను పట్టనిచ్చేవాణ్ణీ కాదు.

కొత్తచెరువు ఊళ్ళో మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ముస్లిం, మా నాయనతో కలిసి చదువుకున్నవాడు, నేను మామా అనేవాణ్ణి. డ్రమ్ములు పీకి డిస్కులు వేద్దామంటే ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, ఇంతవరకు చేయలేదు, చేస్తే ఏమవుతుందో చూడాలని తనకూ ఉందన్నాడు. మా ఇద్దరికీ అక్కడ కుదిరింది. బెంగళూరులో పాత ఇనుప సామాన్లు అమ్మే గుజిరీ బజారులో తిరిగి తిరిగి, నలిగిపోయిన జీపుల నుంచి ఊడదీసిన డిస్కులు, వాటిని పట్టుకునే కాలిపర్లు ఏరుకొచ్చాను. బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కాయన పంచెకు గ్రీజు అంటి, ఆయన జరిగి జరిగి చివరికి నిలబడ్డాడు. డిస్కు మా ఇరుసుకు సరిపోలేదు, లేత్ మీద తిప్పించాం. కాలిపరు నిలబడటానికి మందపాటి రేకు కోయించి బ్రాకెట్లు చేయించాం. మొదటి జత బ్రాకెట్లు చక్రానికి తగిలాయి, రెండో జత చక్రానికి తగల్లేదు గాని బోల్టులే ఎక్కలేదు. ఒకటి అతికితే ఇంకోటి ఊడేది. డ్రమ్ములతోపాటే చేతిబ్రేకు కూడా పోతుందన్న సంగతి మాకు డ్రమ్ములు ఊడదీశాక గాని తట్టలేదు, పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయే తెలివి మాది. చేతిబ్రేకుకు బదులు చక్రాల కింద పెట్టడానికి రెండు మంచి రాళ్ళు చూసి బండిలో వేసుకున్నాం.

అంతా బిగించి, గొట్టాల్లో గాలి తీసి, బండి నడిపి చూస్తే బ్రహ్మాండంగా ఆగింది. ఇంటికి తోలుకుపోతున్నానో లేదో వెనక చక్రాల నుంచి కాలిన వాసన మొదలైంది. బ్రేకు తొక్కకుండానే డిస్కులు వేడెక్కి, నీళ్ళు చల్లితే చుయ్యిమంటున్నాయి. కాలిపరుదే తప్పని నేను, గుజిరీలో చూసుకోకుండా తెచ్చావని మామ, ఇద్దరం గొంతులు పోయేలా పోట్లాడుకున్నాం. ఊడదీశాం, కడిగాం, మళ్ళీ బిగించాం, మళ్ళీ కాలింది. ఆ మధ్య నేను తిండి దగ్గర కూర్చుంటే లేచేవాణ్ణి, లేస్తే బండి కిందికి దూరేవాణ్ణి, కాలుకాలిన పిల్లికి నాకూ తేడా లేదని మామ భార్యే అన్నది. చివరికి వేరే దారి తోచక బ్రేకు నూనెను తోసే మాస్టర్ సిలిండర్ విప్పి బల్ల మీద పరిస్తే, వెనక చక్రాలకు నూనె పోయే చోట గోరంత వాల్వు ఒకటి కనబడింది. డ్రమ్ములకు అవసరమని ఎప్పుడూ కాస్త ఒత్తిడి పట్టి ఉంచే వాల్వు అది. డ్రమ్ముకు వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి కాబట్టి దానికి చెల్లింది, డిస్కును మాత్రం ఆ కాస్త ఒత్తిడే వదలకుండా నులుముతోంది. దాన్ని తీసి పారేశాం. ఆ తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పితే నూనె రాసిన రాట్నంలా తిరిగింది. మామ బల్ల మీదే కూర్చుని బీడీ ముట్టించాడు, నన్ను తిట్టడం కూడా మరిచిపోయాడు.

నిండా రాళ్ళు వేసుకుని నాయన, నేను కొండ దిగి చూశాం. ఆ నిట్రవాటు దిగుడులో, గట్టు మీద మా గీతలు ఇంకా కనబడుతున్నచోట, నాయన బ్రేకు తొక్కితే బండి చెప్పినట్టు ఆగింది. మళ్ళీ పైకి పోయి మళ్ళీ దిగాం. ఊళ్ళోకి వచ్చేటప్పుడు నాయన ఎన్నాళ్ళకో హారన్ కొట్టాడు. ఆ హారన్ విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం తర్వాత నా పెళ్ళిలో కూడా కలగలేదు, ఈ మాట ఇంట్లో వినబడకుండా రాస్తున్నాను.

మరునాడు సాయంత్రం కొండ మీద నాయన బండి స్టార్ట్ చేసి ఎదురుచూశాడు. ఆడవాళ్ళంతా ఎక్కారు. అమ్మ గంప చంకన పెట్టుకుని, ఎప్పటిలాగే, కాలిబాటన దిగిపోయింది.

నాయన గేరు వేశాడు. నేను ఆయన ముఖం చూడలేక బండి దిగి అమ్మ వెనక పరుగెత్తాను. వేసవంతా పడ్డ పాట్లన్నీ నోటికొచ్చాయి. ఎన్నిసార్లు బెంగళూరు పోయానో, ఎన్నిసార్లు బండి కింద పడుకున్నానో, ఊళ్ళో నాయన తల ఎలా వంగిపోయిందో అంతా ఆ రాళ్ళ మధ్య నిలబడి అరిచేశాను, నీకింకా నమ్మకం కుదరలేదా అని అడిగాను. అమ్మ గంపను పక్కనున్న బండ మీద దించి, దాని మీద చేయి వేసుకుని నిలబడి, నా ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"బ్రేకులు పట్టేది పట్టంది నాకేం తెలుసప్పా. ఆ పొద్దు బండి జారతా ఉంటే మీ నాయన దావ చూడల్యా. అద్దంలో నన్ను చూసినాడు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె మళ్ళీ గంప ఎత్తుకుంది.

"నేను ఎనక కూకుంటే ఆ మనిషికి దావ కనపడదు. అంత మందిని ఎక్కించుకొని దిగతాండాడు. నేను నడిస్తే ఆయన నిమ్మళంగా తోలతాడు."

అంతే చెప్పి ముందుకు నడిచింది. ఆమె నమ్మనిది బ్రేకుల్ని కాదు, ఆయన్నీ కాదు. ఆయనేమో పెళ్ళాం తన చేతుల మీద నమ్మకం వదులుకుందని ఇన్ని నెలలు లోలోపల కుమిలిపోతున్నాడు. ఇద్దరూ ఒక మాట అనుకుని ఉంటే సరిపోయేది, కానీ మా ఇంట్లో అలా మాట్లాడుకునే అలవాటే లేదు. వాన, విత్తనాలు, సంగటిలోకి ఏముంది, ఇంతవరకే వాళ్ళ మాటలు. నాకా, నోట్లో నువ్వుగింజ నానదు. మరునాడు సాయంత్రం కొండ మీద, ఆడవాళ్ళు ఎక్కుతుండగా, నాయన పక్కన నిలబడి అమ్మ అన్న మాటలన్నీ అన్నట్టే చెప్పేశాను. ఆయన స్టీరింగు మీది నుంచి చేతులు తీశాడు. తర్వాత తలుపు తెరుచుకుని దిగాడు.

"నువ్వు తోలుకొని పో. నేను నిదానంగా వస్తా," అన్నాడు.

నేను బండి తీసుకుని దిగాను. బ్రేకులు అద్భుతంగా పనిచేశాయి, నా మనసు మాత్రం వాటి మీద లేదు. కింద ఆడవాళ్ళను దింపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి కొండ వైపు చూస్తూ నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను. ఎంతకూ రారు. చివరికి కాలిబాట మలుపులో కనబడ్డారు. నాయన నాలుగడుగులు ముందు, అమ్మ వెనక, మా వైపు భార్యాభర్తలు నడిచే తీరులోనే. అంతలో నాయన ఆగాడు. అమ్మ ఆయన పక్కకు వచ్చేదాకా ఆగి, ఆ గంప తీసుకుని తన భుజాన పెట్టుకుని, అక్కడినుంచి ఇద్దరూ పక్కపక్కన నడిచారు. ఏదో మాట్లాడుకుంటున్నారు. అంతకుముందు ఎన్నడూ చూడని దృశ్యమది, చూడకూడనిది చూసినట్టు ముఖం తిప్పుకున్నాను. ఆ కొండ మీద పని జరిగినన్నాళ్ళూ బండిని పైకి ఆయనే తోలేవాడు, కిందికి నేను తోలేవాణ్ణి, వాళ్ళిద్దరూ నడిచి వచ్చేవాళ్ళు. బండి అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. టీ అంగడివాళ్ళు ఏమనుకున్నారో ఆయన పట్టించుకోలేదు.

ఆ పనులు ముగిసి, కొండకు తారురోడ్డు పడి, మా ట్రక్కు పాత ఇనుముకు పోయి చాలాకాలమైంది. నాయన పోయాడు, కొన్నేళ్ళకు అమ్మా పోయింది. పోకముందు ఒకసారి, అన్ని సాయంత్రాలు కొండ దిగుతూ ఏం మాట్లాడుకునేవాళ్ళమ్మా అని అడిగితే, ఏమున్నాయప్పా అని నవ్వింది. ఆ కాలిబాట ఇప్పుడు సర్కారు తుమ్మ కంపలో మూసుకుపోయింది, మేకలు కూడా అటు పోవు.

ఇప్పుడు నా కారుకు నాలుగు చక్రాలకూ డిస్కులే, వేడెక్కేది లేదు, జారేది లేదు, నా తొందరకు తగ్గ బండి. నేను, నా భార్య బెంగళూరు పోయినా తిరుపతి పోయినా దారిలో ఎక్కడా ఆగకుండా పోయి వచ్చేస్తాం. ఆమె కిటికీలోంచి చూస్తుంది, నేను ముందున్న లారీని ఎలా దాటాలా అని చూస్తుంటాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మేమిద్దరం ఒక మైలు దూరం కలిసి నడిచిన గుర్తు లేదు. పోయిన నెల సాయంత్రంపూట ఆ కొండ కింద పోతూ, నాకేమనిపించిందో, బండి పక్కకు తీసి ఆపి, కాసేపు నడుద్దామా అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, బండికి ఏమైందని అడిగింది. ఏమీ కాలేదని చెప్పి మళ్ళీ స్టార్ట్ చేశాను.