ఒక్క రాత్రిలో దాటిన మంచు కనుమ

నేను యుద్ధాల చరిత్ర రాస్తాను. యుద్ధాలు నడిపేవాళ్లు దాన్ని చదువుతారు. ఈ రెండో సంగతి తలచుకుంటే ఈమధ్య నాకు గుండె దడ పట్టుకుంటోంది. పాత యుద్ధంలో ఒక దళం ఒక్క రాత్రిలో మంచు కనుమ దాటిందనీ, ఇప్పుడూ దాటవచ్చనీ ఆ దళం అధికారి డైరీ చూసి నివేదిక రాసి ఢిల్లీలో సైన్యం వాళ్లకి పంపాను. పంపిన వారానికి తెలిసింది, ఆ దళంలో ఒకాయన అద్దంకి దగ్గర ఇంకా ఉన్నారని.

ఉదయం ఆరూ నలభైకి గుంటూరులో బస్సెక్కాను. చిలకలూరిపేటలో దిగి ఇడ్లీ తిని వచ్చేసరికి పక్క సీట్లో ఒకావిడ కూర్చుని ఉంది. కొడుకు మిలట్రీలో ఉన్నాడట, ఇచ్చిన సెలవు రద్దు చేశారట.

"కొండల మీదికి పంపుతారంటండీ. ఎక్కడికో చెప్పట్లేదు" అంది.

మీరేం చేస్తారని అడిగితే టీచర్నని అబద్ధం చెప్పాను.

తొమ్మిదిన్నరకు అద్దంకిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరుతున్నాయి. ఆ ఘాటుకి దగ్గు ఆగలేదు. పెద్దాయనకు ఎనభై దాటాయి. కల్లంలో కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. డైరీలో ఆ పేజీ చదివి వినిపించాను. ఆయన చెప్పులు విడిచారు. రెండు పాదాలకూ వేళ్లు లేవు.

"డైరీలో అబద్ధం లేదమ్మా. అది రాసిన అధికారి ఒక్క రాత్రిలోనే దాటాడు. మేం వెనకున్నాం."

వెనకున్నవాళ్లకి మూడు రాత్రులు పట్టిందట. మంచులో ఉండిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పారు.

"మిర్చి యార్డులో కొనేవాడు బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాడు. మీరు పైకాయలు చూసి రాసేశారమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే మరీ భయం వేసింది.

పన్నెండింటికి అద్దంకి బస్టాండు నుంచి ఢిల్లీకి ఫోన్ చేసి, నివేదిక వెనక్కి తీసుకుంటానన్నాను. అవతలి అధికారి మర్యాదగానే మాట్లాడారు.

"ఆ ఒక్క రాత్రి మాట అందరికీ బాగా నచ్చిందండీ. ఆదేశాలు నిన్ననే వెళ్లిపోయాయి."

ఈ దారిన వెళ్లేవాళ్లకి చెబుతున్నాను, గుంటూరు నుంచి అద్దంకి మూడు గంటలు కూడా పట్టదు. నివేదిక పంపకముందు నేను ఆ మూడు గంటలు ప్రయాణం చేసి ఉండాల్సింది. తిరుగు బస్సు చిలకలూరిపేటలో ఆగింది. జనం ఎక్కుతున్నారు. మళ్లీ ఏ సైనికుడి తల్లి వచ్చి కూర్చుంటుందోనని, ఒళ్లో ఉన్న సంచి తీసి పక్క సీట్లో పెట్టాను.