శ్యామలమ్మ పెట్టిన బొట్టు

శ్యామలమ్మ ఇంట్లో బొట్టు లేని వస్తువు ఉండదు. గ్యాస్ స్టవ్వు మొదలు గోడ గడియారం దాకా, ఏది కొన్నా ఆ రోజే కాస్త పసుపు రాసి ఎర్ర మఖ్మల్ బొట్టుబిళ్ళ ఒకటి అంటిస్తుంది. కూతురు హిమజ ల్యాప్‌టాప్ కొనుక్కుంటే దాని మూత మీద కూడా అంటించింది. పనిచేసే చోట నవ్వుతారమ్మా అని ఆ పిల్ల మొత్తుకుంటే, "నవ్వితే నవ్వనీ. బోసి మొఖంతోని పనికి పోతదా అది?" అంది. ఆ బొట్టుబిళ్ళే మొన్న మా ఎగ్జిబిషన్లో నా ప్రాణం మీదికి తెచ్చింది. ఎలాగో చెప్తాను.

ముందు నా సంగతి. నా పేరు అనంతలక్ష్మి. ఉప్పల్లో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల బొమ్మలేసే వాళ్ళమంతా కలిసి పెట్టుకున్న సొసైటీకి సెక్రటరీని. సెక్రటరీ అంటే అదేదో పెద్ద హోదా అనుకునేరు! ఏటా ఎగ్జిబిషన్‌కి హాలు ఊడ్చేదీ మేమే, గోడకి మేకులు కొట్టేదీ మేమే, ముఖ్య అతిథి కూర్చునే కుర్చీ తుడిచేదీ మేమే. మా ట్రెజరర్ పాండురంగ మేకు కొట్టడానికి నిచ్చెన ఎక్కాడంటే, దింపడానికి ఇంకో ఇద్దరు కావాలి.

శ్యామలమ్మ బొమ్మలు వెయ్యదు. కానీ హిమజ మా సొసైటీలో చేరినప్పటి నుంచీ ఆవిడ లేకుండా మా ఎగ్జిబిషన్ జరగలేదు. జనగామ వైపు పల్లె వాళ్ళది. పెళ్ళయిన ఏడాదే భర్త సాంబయ్యతో నాచారం వచ్చేసింది. ఆయన చెక్కపెట్టెలు కొట్టే షెడ్డులో చేరితే, ఆవిడ మందుల ఫ్యాక్టరీలో చేరింది. సీసాలకి లేబుళ్ళు అంటించే పని. మిషన్లు వచ్చేదాకా అదే పని, అదే బల్ల. "లేబుల్ లేని సీస గేటు దాటదు టీచరమ్మా. లోపట మందు ఎంత మంచిదైతేంది, పక్కన పారేసుడే" అని ఇప్పటికీ చెబుతుంది.

సాంబయ్య పోయిన పదో రోజున చుట్టాల ఆడవాళ్ళు చుట్టూ చేరి బొట్టు తీసెయ్యమన్నారట. "ఈ బొట్టు ఉయ్యాలల ఉన్నప్పుడు మా అవ్వ పెట్టింది. ఆయనెంట రాలే. మరి ఆయనెంట ఎందుకు పోవాలె?" అని లేచి, మర్నాడు అదే బొట్టుతో డ్యూటీకి పోయింది. ఆడబిడ్డ ఏడాది పాటు మాట్లాడలేదు. "మంచిగైంది, ఏడాది నిమ్మలంగున్న" అంటుంది శ్యామలమ్మ. ఆ మాట విన్నరోజే నాకు ఆవిడ తెగ నచ్చేసింది.

హిమజ ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో డిజైనర్. పగలంతా పుట్టినరోజు నాయకుల మొహాలు తెల్లబరుస్తుంది. సాయంత్రం డాబా ఎక్కి తన బొమ్మ తను వేసుకుంటుంది. మంచి చెయ్యి. కానీ ఏం లాభం? ఏటా మా ఎగ్జిబిషన్లో పెట్టడం, ఏటా ఆటోలో వెనక్కి తీసుకుపోవడం. ఈసారి బొమ్మ తెచ్చి ఇస్తూ, "మేడం, ఇప్పుడు కూడా బయటి మనిషి ఒక్కరు నాకు కావాలి అనకపోతే ఇగ బంద్. మంచం కింద జాగా లేదు" అంది. నవ్వుతూనే అంది గానీ ఊరికే అన్న మాట కాదది. పక్కనే ఉన్న శ్యామలమ్మ కూతురి మొహంలోకే చూస్తోంది.

ఆ బొమ్మలో ఏముందంటే, ఫ్యాక్టరీ ప్రహరీ గోడ మీద వరసగా టిఫిన్ డబ్బాలు. ఒకదాని మూతకి సొట్ట, ఒకదానికి గుడ్డ కట్టి ముడి. మనుషులెవరూ లేరు. దాని పేరు 'అన్నం గంట'. నాకు భలే నచ్చింది. శ్యామలమ్మ మాత్రం, "మేమంత యాడ వోయినం?" అని కూతుర్ని నిలదీసిందట. "లోపల పనిల ఉన్నరు. ఇంక గంట కొట్టలే" అంది హిమజ. "అయితే సరే" అని ఒప్పుకుందట తల్లి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బొమ్మ అమ్ముడుపోతే, పక్కనున్న పేరు చీటీ మీద ఎర్ర చుక్క అంటిస్తాం. ఇది ఒకరిదైపోయింది, ఇంకెవరూ అడగొద్దు అని దానర్థం. ఆ చుక్కలు నా దగ్గరా, పాండురంగ దగ్గరా తప్ప ఎవరి దగ్గరా ఉండవు. మొదటిరోజే మా సీనియర్ల బొమ్మలకి టపటపా చుక్కలు పడ్డాయి. హిమజ చీటీ మీద పడలేదు.

రెండోరోజు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చూస్తే, 'అన్నం గంట' చీటీ మీద ఎర్ర చుక్క! మధ్యాహ్నం పాండురంగ అమ్మేసుంటాడనుకున్నాను. పాండురంగేమో నేను అమ్మాననుకున్నాడు. ఎవరు కొన్నారని హిమజ అడిగితే పాండురంగని అడగమని నేను, మేడంకే తెలుసని అతను. ఇద్దరం సంబరపడ్డామే తప్ప ఒకర్నొకరం అడిగిన పాపాన పోలేదు. ఆ పిల్ల సంతోషం ఏం చెప్పను! హాలంతా జిలేబీ పంచింది, షాపులో పంచింది, కొత్త కాన్వాస్ గుడ్డ కొనేసింది.

రామస్వామి గారని ఒక రైల్వే రిటైర్డాయన రోజూ సాయంత్రం నడక అయ్యాక వచ్చేవారు. సరిగ్గా నా కుర్చీయే లాక్కుని 'అన్నం గంట' ముందు కూర్చునేవారు. అన్ని కుర్చీలుండగా నాదే ఎందుకో! పెద్దాయన కదా అని పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

ఆఖరి రోజు బొమ్మలు దింపే ముందు పాండురంగని అడిగాను, "హిమజ బొమ్మ తీసుకోవడానికి వాళ్ళెప్పుడొస్తారు?" అని.

"అది మీరు కదా చెప్పాలి?"

"నేనా? అమ్మింది నువ్వు కదా?"

"అయ్యో, నేను అమ్మలేదండీ!"

గబగబా వెళ్ళి చీటీ దగ్గర కళ్ళు పెట్టి చూశాను. మా చుక్క నున్నటి కాగితం. ఇది మఖ్మల్! ఒళ్ళు భగ్గున మండింది. సరిగ్గా అప్పుడే శ్యామలమ్మ అందరికీ సర్వపిండి రొట్టెలు డబ్బాలో పెట్టుకుని, నుదుట అచ్చం అలాంటి బిళ్ళతోనే లోపలికి వచ్చింది.

"శ్యామలమ్మా, ఇది నీ బొట్టేనా?"

"నాదే. నేనే పెట్టిన" అంది గర్వంగా. "మొదటి రోజు అందరి బొమ్మలకు పెట్టిన్రు, నా బిడ్డదానికి పెట్టలే. పేరంటంల అందరికి పెట్టి ఒక్కదాన్ని ఇడిసిపెట్టినట్టు. నాకు పానం ఊకోలే. నా మొఖం మీదది తీసి పెట్టిన. తెల్లారే అమ్ముడువోయింది, సూసినవా!"

నా కోపం ఏమైందో నాకే తెలీదు. ఈవిడ్ని ఏమని తిట్టను? మెల్లగా చెప్పాను. ఆ చుక్క ఏమిటో, ఎందుకు పెడతామో, దాన్ని చూసి కొనాలనుకున్న వాళ్ళు కూడా వెనక్కి పోయుంటారనీ. వింటూ వింటూ ఆవిడ నా కుర్చీలో కూలబడింది.

"అంటే ఎవ్వలు కొనలేదా? నేనే ఆగం జేసిన్నా?" కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "జిలేబీ గిట్ల పంచింది టీచరమ్మా అది. ఇప్పుడు దానికి ఏమని జెప్పాలె?"

చెప్పాల్సిన పని లేకపోయింది. హిమజ గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా విన్నది. మొహంలో రక్తం లేదు. వెళ్ళి బొమ్మని మేకు మీద నుంచి దింపబోయింది. ఆ పిల్ల ఇంక బ్రష్ పట్టుకోదని నాకు అర్థమైపోయింది. ఏడుపొచ్చింది.

"ఆగమ్మా, దింపకు" అన్నారెవరో. చూస్తే రామస్వామి గారు, చెమటతో, చేతిలో ఫోనుతో. "ఒక్క నిమిషం ఆగు. సెక్రటరీ గారూ, దీన్ని కొన్నవాళ్ళెవరో చెబుతారా? వాళ్ళు ఒప్పుకుంటే ఒక ఫోటో తీసుకుంటాను. మా ఆవిడ ఇక్కడే నాచారం ఫ్యాక్టరీలో చేసేదండీ. ఆవిడ డబ్బా మూత కూడా ఇలాగే సొట్ట. ఆవిడ పోయాక ఆ డబ్బా ఎక్కడ పోయిందో దొరకలేదు. మొదటిరోజు తటపటాయించాను. రెండోరోజు వచ్చేసరికి ఎర్ర చుక్క. నా రాత."

ముందుగా తేరుకున్నది పాండురంగ. "అమ్ముడుపోలేదండీ!" అని గావుకేక పెట్టాడు.

"మరి ఆ చుక్క?"

"అది మా అమ్మ బొట్టు" అంది హిమజ.

ఆయనకి సంగతంతా చెప్పేసరికి ఆయాసం వచ్చేంత నవ్వారు. నవ్వుతూనే జేబులోంచి రుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "అయితే నాకే కావాలమ్మా. ఇస్తావా?" అన్నారు. హిమజ తలూపింది.

నేను పద్ధతి మనిషిని. మా చుక్కల డబ్బాలోంచి ఒకటి తీసి, శ్యామలమ్మ బొట్టు గోటితో పీకబోయాను. వస్తేనా! లేబుళ్ళు అంటించిన చెయ్యి మరి. చీటీ చిరుగుతోంది. "ఉండనీయండి మేడం, అదే ఉండనీ" అని హిమజ నా వేలి మీది ఎర్ర చుక్క తీసుకుంది. తల్లి దగ్గరికి పోయింది. కొంగుతో తుడుచుకున్నప్పుడు బిళ్ళ ఊడిపోయి ఆవిడ నుదురు బోసిగా ఉంది. ఆ నుదుటి మీద మా చుక్క అంటించి వేలితో గట్టిగా నొక్కింది.

శ్యామలమ్మ నుదురు తడుముకుంది. అప్పుడే నేర్చుకున్న పాఠం గుర్తొచ్చినట్టుంది. "ఏందే బిడ్డా, అమ్మను అమ్మినవా?"

"అమ్మలే. ఎవలడిగినా ఇయ్యనని పెట్టిన" అంది హిమజ.

ఆ కాగితం చుక్కతోనే శ్యామలమ్మ మాకందరికీ సర్వపిండి పంచింది, ఆ చుక్కతోనే నాచారం బస్సెక్కింది.