తువ్వాలు కింది చెయ్యి

“నేను అమ్ముతానని అన్లేదే!”

“అనకుండానే దళారి రేపు పొద్దున్నే బర్రెను తోలుకపోతానని చెప్పి పోయినాడా?”

“నోరు తెరిచి ఒప్పుకున్న్యానా? సంతలో ఎవరినన్నా అడుగు పో.”

“సంతలో నోటితో ఎవరొప్పుకుంటారయ్యా? వేళ్లు నొక్కినావంట కదా!”

“నా చెయ్యి ఊరికే ఉండింది. దేవుని మీద ఒట్టు.”

ఆ రోజు సాయంత్రం పామూరు సంత నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకముందే మా ఆయనకూ నాకూ మొదలైన రభస ఇది. మా వైపు పశువుల ధర పైకి చెప్పరు. దళారి తువ్వాలు కప్పి, దాని కింద అమ్మేవాడి వేళ్లు నొక్కి ధర అడుగుతాడు. సరేనంటే తిరిగి నొక్కాలి, కాదంటే చెయ్యి లాక్కోవాలి. నొక్కి మాట తప్పినవాడితో మళ్లీ ఎవరూ బేరమాడరు.

ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పాడి బర్రె. దాని పాలతోనే పొయ్యి వెలిగేది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన గడ్డి కోయడానికి బద్ధకిస్తున్నాడు. దాన్ని వదిలించుకోవాలనే నాటకమాడుతున్నాడని నా అనుమానం. దళారి మీదా అనుమానమే. బర్రె బెదురుతుంటే ఆయన కుడిచేత్తో పలుపు పట్టుకున్నాడట, దళారి ఈయన ఎడమచేతి మీదే తువ్వాలు కప్పాడట. ఎడమచేత్తో బేరం ఎక్కడన్నా ఉందా?

ఎడమ అనగానే హైదరాబాదు డాక్టరు మాట గుర్తొచ్చింది. మూర్ఛలు తగ్గడానికి మా ఆయన తలలో కోత పెట్టాక ఆ డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. “మెదడు రెండు సగాలమ్మా. నడుమ నరాల కట్ట ఉంటుంది, దాన్ని కోసినాం. చూడకుండా ఎడమచెయ్యి పట్టుకున్నదీ, చేసిందీ నోటికి తెలియకపోవచ్చు.” నేను నమ్మలేదు. అంత ఖర్చు పెట్టించినవాళ్లు ఏదో ఒకటి చెప్పాలి కదా అనుకున్నాను. మూడో తరగతితో బడి మానినా, మనిషికి ప్రాణం ఒక్కటేనని నాకు తెలుసు.

అన్నం తిన్నాక ఆయన ఎడమచేతి మీద తువ్వాలు కప్పి, లోపల ఒక చింతకాయ పెట్టాను.

“ఏంది, చెప్పు.”

“ఏముందే? ఏం లేదు.”

తువ్వాలు కింద బొటనవేలు చింతకాయ పెంకు ఒలుస్తోంది. చప్పుడు నాకు వినబడుతోంది. అదే కాయ కుడిచేతిలో పెట్టగానే, “చింతకాయ. పిల్లకాయలాటలు ఆడుతున్నావా?” అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మళ్లీ ఎడమచేతిని కప్పి, దళారి లాగే వేళ్లు పట్టుకున్నాను.

“బర్రెను అమ్ముదామా?”

“నీకేమన్నా పిచ్చా? దాన్ని అమ్మి ఏం తింటాం?” అన్నాడు, నా కళ్లలోకే చూస్తూ.

తువ్వాలు కింద ఆయన వేళ్లు నా వేళ్లను గట్టిగా నొక్కాయి.

చెయ్యి లాక్కున్నాను. ఆయన ముఖంలో దొంగచూపు కోసం వెతికాను, దొరకలేదు. నోరు బొంకుతోందో, చెయ్యి బొంకుతోందో తెలియలేదు. ఇన్నాళ్లూ వీళ్లిద్దరిలో ఎవరికి వండిపెట్టానో కూడా తెలియలేదు.

“ఆ చెయ్యి ఆయన మాట వినదు” అని దళారికి చెబితే బర్రె దక్కుతుంది. కానీ ఆ మాట సంతంతా పాకుతుంది. రేపు మేకపిల్లను అమ్మాలన్నా ఆయన చెయ్యి ఎవరూ పట్టుకోరు. నేను పక్కనుండి మాట్లాడాలి. ఆయన పశువు పక్కన గుంజలాగా నిలబడాలి.

తెల్లవారి దళారి వచ్చాడు. “ఏం అక్కా, బావ మాట మీదున్నట్టేనా?”

“ఆయన మాట ఎప్పుడు తప్పినాడు తమ్ముడూ?” అని పాలు పితుక్కుని బర్రెను విప్పాను. మా పలుపు మాకే ఉంచుకుని, అతని తాడే కట్టించాను. బర్రె మలుపు తిరిగేదాకా నేను ఆయన ఎడమచేతినే చూస్తూ నిలబడ్డాను. అది భుజం మీద తువ్వాలు సర్దుకుంది.