ఫిలిన్న బుగ్గలో తాబేలు

ఫిలిన్న నోటి సంగతి ఏథెన్స్‌కు ఎదురుగా సముద్రంలో ఉన్న మా ఏగిన దీవి మొత్తానికీ తెలుసు. వలలు అల్లడానికి కూర్చుందంటే చేతుల కంటే నోరే ఎక్కువ ఆడేది. బజారుకు వచ్చేటప్పుడు మా అందరిలాగే ఆమె కూడా చిల్లర బుగ్గన పెట్టుకునే వచ్చేది. అయినా మాట ఆగేది కాదు.

"అత్తా, డబ్బు మింగేస్తావు, కాసేపు నోరు మూసుకో" అని పక్కింటిదాన్ని నేను వేళాకోళం చేసేదాన్ని.

"డబ్బు మింగితే రేపటికి బయటికొస్తుందిలేవే. మాట మింగితే రాదు" అనేది.

ఆమె మొగుడు దమోతిమోస్ సరుకు ఓడలో పనిచేసేవాడు. ఆఖరిసారి ఓడెక్కుతూ ఆమె చేతిలో ఒక వెండి నాణెం పెట్టాడు. దాని మీద సముద్రపు తాబేలు. మా దీవి నాణేల మీద ఎప్పుడూ అదే బొమ్మ. తాబేలు ఎంత దూరం ఈదినా గుడ్లు పెట్టడానికి తను పుట్టిన ఇసుకకే వస్తుంది కదా, మా ఓడలవాళ్ళందరికీ అదే ధైర్యం. "నేనూ అంతే, తిరిగొస్తాను. అందాకా దీన్ని ఖర్చు పెట్టకు" అన్నాడట.

ఓడ మునిగింది. శవం దొరకలేదు. చనిపోయినవాళ్ళ నోట్లో మేము నాణెం పెట్టి పంపుతాం. పాతాళపు ఏరు దాటించే ఖారోన్‌కు అది పడవ కూలి. మరి నీళ్ళల్లో పోయినవాడి నోట్లో ఎవరు పెడతారు? దమోతిమోస్ ఏరు దాటలేక ఒడ్డునే నిలబడి ఉంటాడని ఫిలిన్నకు దిగులు. ఖాళీ సమాధి కట్టి, అందులో ఆ నాణెం పెట్టాలనుకుంది. ఆ పని జరిగేలోపే ఏథెన్స్ వాళ్ళు వచ్చి, పిల్లాజెల్లాతో సహా మమ్మల్ని దీవి నుంచి వెళ్ళగొట్టారు.

రేవులో సిపాయిలు మూటలు విప్పి వెండి లాక్కుంటున్నారు. ఫిలిన్న తాబేలును బుగ్గన పెట్టుకుంది. చిన్నాచితకా చిల్లర కాదది, లావుపాటి నాణెం. దీవి కనుమరుగవుతుంటే మేమంతా గుండెలు బాదుకుని ఏడ్చాం, ఆమె మాత్రం పెదవి విప్పలేదు. "గుండె రాయి చేసుకుంది" అన్నారు ఆడవాళ్ళు. నేనైతే ఆ ఉబ్బిన బుగ్గ చూసి పన్ను నొప్పేమో అనుకున్నాను. అవతలి ఒడ్డున దిగాక నాణేన్ని అరచేతిలోకి ఉమ్మి, అప్పుడు ఏడ్చింది. అంత ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

పరాయి చోట పాతికేళ్ళు గడిచాయి. తిండి లేని రోజుల్లో కొడుకు ఈఫిస్ గొడవపడేవాడు.

"నీళ్ళల్లో పోయినోడికి వెండెందుకమ్మా? బార్లీ కొనుక్కుందాం."

"ఆయన అక్కడ నిలబడ్డాడురా. నువ్వు కనీసం కూర్చున్నావు."

వాడిది తప్పని నేననను. పస్తులున్న పూట నాకూ ఆ తాబేలును చూస్తే ఒళ్ళు మండేది.

చివరికి యుద్ధంలో ఏథెన్స్ ఓడిపోయింది, గెలిచినవాళ్ళు మమ్మల్ని తిరిగి రానిచ్చారు. వచ్చినవాళ్ళం సగం మందిమైనా లేము. ఊళ్ళో కొత్తగా కొట్టిన నాణేన్ని ఫిలిన్న తిప్పి తిప్పి చూసింది. తాబేలే, కానీ మెట్ట తాబేలు. తెడ్ల లాంటి ఈత కాళ్ళ బదులు పొట్టి కాళ్ళు, గళ్ళుగళ్ళ డిప్ప.

"సముద్రమంతా ఈదినదాన్ని తీసుకెళ్ళి కొండ మీద గడ్డి మేపుతున్నారా?"

"ఓడలన్నీ పోయిన ఊరికి ఇది చాల్లే అత్తా" అన్నాను. ఆమె నవ్వలేదు.

మర్నాడే రేవు పక్కన ఖాళీ సమాధి తవ్వించింది. ఈఫిస్ ఒక చిన్న నాణెం తెచ్చాడు. "పడవ కూలికి ఇది చాలమ్మా. ఆ పెద్దది నీ కోసం ఉంచుకో."

"ఇది తిరిగొస్తానని ఇచ్చిన నాణెంరా. ఎక్కువైతే చిల్లర ఆయన దగ్గరే ఉంటుంది, నా కూలీ అందులోంచే కడతాడు. నేనొచ్చేదాకా ఆగుతాడు, ఇద్దరం కలిసి దాటుతాం" అని తాబేలును గోతిలో పెట్టి, తన చేత్తోనే మట్టి కప్పింది. తర్వాత నావైపు తిరిగింది. "ఒసేయ్, నేను పోయినప్పుడు నా నోట్లో ఏమీ పెట్టనివ్వకు. వెండి బుగ్గన పెట్టుకుని ఒకసారి సముద్రం దాటాను, చాలు. ఆయనకు చెప్పాల్సినవి బోలెడున్నాయి."

రెండు చలికాలాలు గడిచాక పోయింది. స్నానం చేయించింది నేనే. ఈఫిస్ నాణెం పట్టుకొచ్చాడు.

"నాన్న అక్కడ లేకపోతే వదినా? అమ్మ ఒంటరిగా ఒడ్డునే ఉండిపోతే?"

భయం నాకు మాత్రం లేదా? నోట్లో కూలి లేకుండా మా దీవిలో ఎవరినీ పంపలేదు. ఫిలిన్న ముఖం చూశాను. నేను చూడగా రెండోసారి ఆమె మాట్లాడకుండా ఉంది.

"అప్పుడు మీ అమ్మ నోరు శత్రువులు మూయించార్రా. ఇప్పుడు మనం మూయిద్దామా?"

వాడు ఆ నాణేన్ని తన బుగ్గన పెట్టుకుని బయటికి నడిచాడు. ఫిలిన్నను నోరు ఖాళీగానే సాగనంపాం.