ఒక్క గీత, రెండు సంతకాలు

రాసినదాంట్లో తప్పు దొర్లితే దిద్దడానికి మా కంపెనీలో ఒక పద్ధతుంది. తప్పు మాట మీద ఒకే ఒక్క గీత గీయాలి, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన సరైన మాట రాసి, పొట్టి సంతకం పెట్టి, తేదీ వేయాలి. తెల్ల రంగు పూయకూడదు. అక్షరం మీద అక్షరం రాయకూడదు. కాగితం చింపారో, ఉద్యోగానికే ఎసరు. పటాన్‌చెరు చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో మాదీ ఒకటి. నేను నాణ్యత విభాగంలో పనిచేస్తాను. తొమ్మిదేళ్ళుగా ఎదుటివాళ్ళ కాగితాల్లో తప్పులు వెతకడమే నా పని. చివరికి నా కళ్ళు కూడా దానికే అలవాటు పడిపోయాయి. పెళ్ళి భోజనానికి కూర్చున్నా ముందు విస్తరాకులో చిరుగే కనిపిస్తుంది.

ఆ పద్ధతే ఒకరోజు నా కొంప ముంచింది.

వానాకాలం అది. కంపెనీ బస్సులో సగం మంది దగ్గుతూ, మిగతా సగం మంది కిటికీల వైపు మొహాలు తిప్పుకుని కూర్చునేవారు. క్యాంటీన్‌లో భోజనాల బల్లలు పక్కకు జరిపి ఉద్యోగులందరికీ ఫ్లూ టీకాలు వేయిస్తామన్నారు. వరసలో నిలబడి ఒక కాగితం నింపాలి. ఇప్పుడు జ్వరం ఉందా? మందులేవైనా పడవా? గర్భవతా? ఒక్కోదానికి అవును, కాదు.

నాకు మూడో నెల వెళ్ళి నాలుగోది వస్తోంది. ఆ సంగతి మా ఆయనకు, మా అమ్మకు, మా డాక్టరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. వెనక ప్యాకింగ్ ఆడవాళ్ళు నా భుజం మీదుగా తొంగి చూస్తున్నారు. గబుక్కున 'కాదు' అని రాసి సంతకం పెట్టేశాను.

రెండడుగులు వేశానో లేదో కాళ్ళు ఆగిపోయాయి. నా చేత్తో అబద్ధం రాసి, కింద సంతకం పెట్టానే! ఇంకెవరైనా అయితే ఆ కాగితం నలిపి పారేసి కొత్తది తీసుకునేవారు. నాకు ఆ ఆలోచనే రాలేదు. నా చేయి దాని పని అది చేసుకుపోయింది. 'కాదు' మీద ఒక్క గీత. పక్కన 'అవును'. పొట్టి సంతకం. తేదీ.

కాగితం తీసుకున్న నర్సు ఆ గీతను చూసింది, నా మొహం చూసింది, క్యాంటీన్ అంతా దద్దరిల్లేలా అరిచింది. "అయ్యో మేడం, కడుపుతోటి ఉన్నరా! కంగ్రాట్స్!"

ప్యాకింగ్ వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు. టీకా మాత్రం వేయలేదు. ముందు మీ డాక్టరును అడిగి రండి, ఆమె దగ్గరే వేయించుకోండి అని అక్కడున్న డాక్టరు చెప్పాడు. నేను తల దించుకుని నా సీటుకు వచ్చి పడ్డాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను కానీ నవ్వు మాత్రం ఆగడం లేదు.

మా అత్తగారి ఊరు చిట్కుల్. ఒకప్పుడు వాళ్ళవి పొలాలు. ఇప్పుడు కొంత చేను, ఇంటి వెనక కంపెనీ పనివాళ్ళకు కిరాయికిచ్చిన గదులు, రెండు బర్రెలు. బర్రెలు మా అత్తమ్మవి, వాటి మీద ఇంకెవరికీ హక్కు లేదు. సాయంత్రం నేను బస్సు దిగి నడిచి వచ్చేసరికి ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. ప్యాకింగ్‌లో పనిచేసే మా ఊరావిడ అప్పటికే ఫోన్ చేసేసిందట.

"కంపెనీల అందరు సప్పట్లు కొట్టిన్రంట. నేనొక్కదాన్నే కొట్టలె," అంది అత్తమ్మ.

దాచడానికి కారణం ఆమెకూ తెలుసు. రెండేళ్ళ కింద మొదటిసారి నిలిచినప్పుడు రెండో నెలలోనే అందరికీ చెప్పుకుని మురిసిపోయాం. మూడో నెలలో పోయింది. స్వీట్లు తిన్నవాళ్ళే ఓదార్చడానికి వచ్చారు. అందుకే ఈసారి నోరు కుట్టేసుకున్నాను.

"నాకు ఎరుకే బిడ్డా," అని ఆమే మళ్ళీ అంది. "పది దినాల సంది పాల గిన్నె చూస్తే ముక్కు మూసుకుంటున్నవ్. బర్రెకు సూడి నిలిస్తే నడక చూసి జెప్పేదాన్ని, నిన్ను వట్టలేనా? నువ్వే జెప్తవని ఊకున్న." అని నా రెండు చేతులూ పట్టుకుని, వాటితోనే చప్పట్లు కొట్టించింది.

ఆ వారంలోనే మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఫ్లూ టీకా సంగతి అడిగాను. వేయించుకోమని చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఫ్లూ వస్తే మామూలు వాళ్ళకంటే గట్టిగా పట్టుకోవచ్చట. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఈ టీకా వేయరట, తల్లి వేయించుకుంటే ఆ మొదటి నెలల్లో బిడ్డకూ కొంత రక్షణ ఉంటుందట. ఇందులో బతికున్న క్రిమి ఉండదని, చేయి నొప్పి, ఒళ్ళు నొప్పులు, కాస్త జ్వరం రావచ్చని చెప్పింది. నేను నోటుపుస్తకం తీసి ఇరవై ప్రశ్నలు అడిగాను. ఎక్కడ నిల్వ చేస్తారు, ఎంత చలిలో, కరెంటు పోతే ఏం చేస్తారు, గడువు తేదీ ఎవరు చూస్తారు. పదిహేనో ప్రశ్నకు ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మా, మీరు చూపించుకోవడానికి వచ్చారా, నన్ను తనిఖీ చేయడానికి వచ్చారా?" అని నవ్వింది.

అన్నిటికీ సరైన జవాబులే చెప్పింది. ఒక్క లోపం కూడా దొరకలేదు. అయినా "శనివారం వచ్చి చెప్తాను" అని లేచి వచ్చేశాను.

నా భయం టీకా మీద కాదు. అది నాకు అప్పుడే తెలుసు, ఒప్పుకోవడానికే మనసు రాలేదు. మా దగ్గర ఏ తప్పు జరిగినా మూలకారణం రాయనిదే ఆ ఫైలు మూయరు. రెండేళ్ళ కింద పోయినదానికి ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా నా తలలో ఆ ఫైలు మూతపడలేదు. ఆ రోజు మూడంతస్తులు ఎక్కాను, అదేనా? బస్సు గుంతలో పడి ఎగిరింది, అదేనా? ఇప్పుడు ఈ టీకా వేయించుకున్నాక ఏమైనా జరిగితే? వేయించుకోకపోతే, ఆ బస్సులో ఎవరి దగ్గో నాకు తగిలితే? ఎటు చూసినా కింద సంతకం నాదే. నా ఒక్కదానిదే.

మా ఆయనను అడిగాను. ఆయన ఇంకో కంపెనీలో యంత్రాలు బాగుచేస్తాడు, ఎంత చెడిపోయిన యంత్రానికైనా మందు చెప్తాడు. నాకు మాత్రం, "నాకేమెరుక, డాక్టరమ్మ జెప్పింది గద. ఇగ నీ ఇష్టం," అన్నాడు. ఆ 'నీ ఇష్టం' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మర్యాదగా అన్నట్టే ఉంటుంది, బరువంతా మాత్రం మన నెత్తిన పెట్టి పోతుంది. ఆ పూట ఆయనకు కూరలో ఉప్పు వేయలేదు. ఆయన మారు మాట్లాడకుండా తిన్నాడు.

మా అమ్మకు ఫోన్ చేశాను. మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగంతో స్థిరపడ్డవాళ్ళు. నలభై ఏళ్ళయినా అమ్మ యాస మారలేదు. "ఇప్పుడవన్నీ ఎందుకే నీకు? మా రోజుల్లో ఆ ధనుర్వాతం సూదొకటి పొడిచేవారు, అంతే. తొమ్మిది నెలలూ ఇంట్లో కూర్చోలేవూ? బస్సు మానెయ్, టీకా మానెయ్." అని గొంతు తగ్గించి, "నాకు భయంగా ఉందే," అంది. అమ్మ భయమని ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. బియ్యం పొయ్యి మీద ఉన్నాయని ఫోన్ పెట్టేశాను.

శుక్రవారం సాయంత్రం కొట్టంలో అత్తమ్మ పాలు పిండుతోంది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఇంట్లో జరుగుతున్నదంతా ఆమె వింటూనే ఉంది, ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అత్తగారు కదా, వద్దనే అంటుందని నేను ముందే తీర్మానించేసుకుని, ఆమె కోసం జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆమె చేయి ఆపకుండానే మొదలుపెట్టింది. "నువ్వు ఈ ఇంటికి రాకముందు ఒక నల్లబర్రె ఉండె మనకు. సూడి మీదుండె. పసుల డాక్టరు గాలికుంటు రోగానికి సూదులేస్తమని ఊర్లకొచ్చిండు. సూడిదానికి ఏస్తే ఈసుకపోతదని, కడుపుల దూడ నిలవదని ఎవరో అన్నరు. నేను తెల్లారంగనే దాన్ని తోల్కపోయి మక్కచేను ఎనక కట్టేసిన. అందర్ల బర్లకు ఏసి పోయిండు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. గాలికుంటు రానే వచ్చింది. నోట్ల పుండ్లు, గిట్టల్ల పుండ్లు. మేత ముట్టలె. కడుపుల దూడ పోయింది."

పాల ధార చప్పుడు ఆగిపోయింది.

"ఇంట్లో ఏమన్నారు?" అన్నాను.

"ఎవ్వరికి జెప్పిన గనుక? డాక్టరే మర్సిపోయిండనుకున్నరు. మీ మామ గూడ గదే అనుకున్నడు. సూది ఏపిస్తే బతుకుతుండెనో లేదో నాకు ఇప్పటికీ ఎరుక లేదు. గని ఒక్కదాన్నే తోల్కపోయిన, ఒక్కదాన్నే దాసిన. ఇయ్యాల నీకే జెప్తున్న."

నేను ఆమె పక్కకు వెళ్ళి గడ్డి మీద కూర్చున్నాను. పాల వాసనకు కడుపులో తిప్పుతూనే ఉంది. అయినా లేవలేదు. నా ఫైలు సంగతి మొదటిసారి ఆమెతోనే చెప్పాను, మూడంతస్తుల మెట్లు, బస్సు గుంత, అన్నీ. మా కంపెనీలో ఒక్క సంతకంతో ఏ కాగితమూ చెల్లదని కూడా ఏదో మాటల్లో చెప్పాను. చేసినవాళ్ళది ఒకటి, దగ్గరుండి చూసినవాళ్ళది ఒకటి.

"రెండెందుకు?"

"ఒకరికి కనిపించని తప్పు ఇంకొకరికి కనిపిస్తుందని. ఏదైనా అయితే ఒక్కరి మీదే పడకూడదని కూడా అంటారు."

"మంచిగనే ఉంది," అని మళ్ళీ పిండడం మొదలుపెట్టింది.

"అంటే అత్తమ్మా, మొత్తానికి నన్ను బర్రెతో పోల్చారన్నమాట."

"బర్రె నయం. అది ఇరవై ప్రశ్నలు అడగది."

ఇద్దరం ఎంత నవ్వామంటే బర్రె బెదిరి కాలు విదిలించింది. పాలు సగం ఒలికిపోయాయి.

శనివారం పొద్దున ఆమె పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. టీకాకు పట్టుచీర ఏమిటని మా ఆయన అంటే, "నువ్వు బండి తియ్," అంది. డాక్టరమ్మ నన్ను చూడగానే "ఇవాళ ఎన్ని ప్రశ్నలు?" అని అడిగింది. ఏమీ లేవన్నాను. నర్సు కాగితం తెచ్చింది. చదివాను, రెండోసారి చదివాను, సంతకం పెట్టాను. కింద 'సాక్షి' అని ఒక గీత ఖాళీగా ఉంది.

"సార్ వస్తే పెట్టిస్తా," అంది నర్సు. మా ఆయన బయట బండి పెట్టడానికి చోటు వెతుకుతున్నాడు.

"సార్ ఎందుకు? ఇటు తే," అని అత్తమ్మ కాగితం లాక్కుంది. మహిళా సంఘంలో సంతకం నేర్చుకున్న మనిషి. నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని రాసింది. పూర్తి చేసి, పెన్ను నా చేతికిచ్చి, చిన్నగా అంది. "ఇగ ఏదన్న అయితే ఇద్దరి మీద వడతది. నువ్వొక్కదానివే మొయ్యకు."

నాకు ఏడుపు ఆగలేదు. సూదంటే భయమనుకుని నర్సు, "ఏం కాదు మేడం, జెర అటు చూడుర్రి," అంటూ వేసేసింది. సూది ఎప్పుడు దిగిందో నాకు తెలియనే లేదు. కాసేపు కూర్చుని వెళ్ళమన్నారు. అత్తమ్మ సంచిలోంచి స్టీలు డబ్బా తీసి మక్క గారెలు నాకు పెట్టింది, నర్సుకు పెట్టింది, పక్కన వరసలో కూర్చున్న ముగ్గురు కడుపుతో ఉన్నవాళ్ళకూ పెట్టింది. ఇంతలో అమ్మ ఫోన్.

"అయిపోయిందా?" అంది అమ్మ. అయిపోయిందన్నాను. పెద్ద నిట్టూర్పు వినిపించింది. "సరేలే. మరి బిడ్డను ఎత్తుకునేవాళ్ళం మేమూ వేయించుకోవాలేమో, ఆవిడను అడుగు. అడిగావా? ఇరవై అడిగావుగా, ఇదొక్కటి అడగలేదూ?"

రెండు రోజులు చేయి నొప్పి పుట్టింది. ఆ రెండు రోజులూ అత్తమ్మ నన్ను చెంబు కూడా ఎత్తనివ్వలేదు. మా ఆయన వంట చేశాడు. కూరలో ఉప్పు వేయడం మర్చిపోయాడు, కావాలనే అని ఇప్పటికీ నా అనుమానం.

మాకు పాప పుట్టింది. ఎనిమిదో నెల ఇప్పుడు, కొట్టంలోకి తీసుకెళ్తే బర్రెను చూసి కేకలు పెడుతుంది. నెలన్నర టీకాలు వేయించడానికి నేను, అమ్మ, అత్తమ్మ, ముగ్గురం ఆడవాళ్ళమే వెళ్ళాం. పాప ఏడ్చి ఏడ్చి అత్తమ్మ భుజం మీద పడుకుంది. నర్సు కార్డులో తేదీలు రాసి ఇచ్చింది. అత్తమ్మ దాన్ని తిప్పి చూసింది, మళ్ళీ తిప్పి చూసింది.

"సంతకమేడ?"

"దీనికి అక్కర్లేదమ్మా," అంది నర్సు.

"గట్లెట్ల? ఇద్దరం పెట్టాలె గద." ఆమె నా సంచిలోంచి పెన్ను తీసింది.

గడి లేని చోట ఏదీ రాయకూడదు. అది మా కంపెనీలో అన్నిటికంటే పెద్ద నియమం, దాన్ని మీరినవాళ్ళ కాగితాలు ఎన్ని వెనక్కి పంపానో లెక్క లేదు. కార్డు అంచున ఆమెకు చోటు చూపించి, పక్కన నేనూ సంతకం పెట్టాను.