తువ్వాల కింద లెక్కలు

ఇప్పుడు నేను చెప్పబోయేది నా పరువు నడిబజారులో పోయిన కథ. నడిబజారు అంటే మరీ బజారు కాదు, జనగామలో ఒక సార్ ఇంటి వరండా. కానీ ఆ రోజు అక్కడ ఉన్న జనాన్ని చూస్తే మీరూ బజారనే అంటారు. మా ఊళ్ళో ఈ కథ అందరికీ వచ్చు. చెప్పిన ప్రతిసారీ ఒక కొత్త ముక్క తగిలిస్తున్నారు, మొన్నటి చెప్పుడులో ఎద్దు కూడా వచ్చేసింది. ఎద్దు లేదండీ! అందుకే అసలు సంగతి నా నోటితోనే చెప్పేస్తున్నాను.

మా బిడ్డ శ్రావణి అప్పుడు నాలుగో తరగతిలోకి వచ్చింది. ఆ ఏడాది చివర గురుకుల ప్రవేశ పరీక్ష. సీటొస్తే పిల్ల చదువుకు ఇంక దిగులుండదు. రాకపోతే మా ఊరి బడి, అందులో ఉన్న ఒకే ఒక్క పంతులమ్మ, ఆమెకు అయిదు తరగతులు. మా బిడ్డకు ఆ సీటు వచ్చి తీరాలని నేను పట్టుబట్టాను. నేను పట్టుబడితే ఎలా ఉంటుందో మా ఆవిడ రజితను అడగండి. పెళ్ళైన కొత్తలో ఊడిన తలుపు బందు నేనే బిగిస్తానని పట్టుబట్టి దర్వాజా మొత్తం కొత్తది పెట్టించాను.

ట్యూషన్ సార్ కోసం వెతుకుడు మొదలైంది. మొదట దొరికినాయన పిల్లలచేత ఎక్కాలు చెప్పించుకుంటూ, ఆ రాగానికి తాను కునుకు తీసేవాడు. రెండో ఆయన ఒక చేత్తో చాక్‌పీసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ప్లాట్ల బేరాలు చేసేవాడు. చివరికి అందరూ ఒకే పేరు చెప్పారు: జనగామలో సామ్యేలు సార్. రిటైరైన హెడ్‌మాస్టర్. ఆయన చేతిలో పడ్డ పిల్లకు సీటు ఖాయమట. కాకపోతే ఆయన కొద్దిమందినే తీసుకుంటాడు, తీసుకునే ముందు వరండాలో కూర్చోబెట్టి తానే ప్రశ్నలు అడుగుతాడు.

అక్కడే నా గుండెలో రాయి పడింది. శ్రావణి ఇంట్లో లెక్కలు గలగలా చెబుతుంది. కొత్త మనిషి కనబడితే చాలు, నోటికి తాళం పడుతుంది.

ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. నాకు ఇంత వ్యవసాయం ఉంది, దాంతోపాటు కొడకండ్ల అంగడిలో పశువుల బేరాలు కుదురుస్తాను. మా దగ్గర బేరం నోటితో జరగదు. కొనేవాడి చేయి, అమ్మేవాడి చేయి ఒక తువ్వాల కింద కలుస్తాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ వందమంది నిలబడ్డా ఒక్కడికి తెలియదు. సెలవుల్లో నాతో వచ్చి వచ్చి శ్రావణి ఆ విద్య మొత్తం పట్టేసింది.

మీకు అర్థమైపోయింది కదా? రజితకూ వెంటనే అర్థమైంది.

"పోరిని ఆగం చేస్తవు. దాని మానాన దాన్ని చెప్పనియ్యి," అంది.

"నీకేం తెల్వదు, ఊకో. కొత్తోళ్ళను చూస్తే బెదురుతది. నా చేయి పట్టుకుంటే ధైర్యముంటది," అన్నాను.

"ధైర్యానికి తువ్వాలెందుకయ్యా?"

ఆ సాయంత్రమే పోయి కొత్త తువ్వాల కొనుక్కొచ్చాను.

జూన్ మొదటి వారం. చినుకు లేదు. వరండాలో ఫ్యాను కూడా వేడిగాలే విసురుతోంది. తల్లులు, తండ్రులు, పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. మేమిద్దరం బెంచీ మీద పక్కపక్కన, మా చేతుల మీద కొత్త ఎర్ర తువ్వాల.

సామ్యేలు సార్ కళ్ళద్దాల మీంచి చూశాడు. "ఆ తువ్వాలేంది?"

"జర చలిజరం సార్."

"ఎవలకు? మీకా, పాపకా?"

"ఇద్దరికి సార్," అన్నాను, ముక్కు మీది చెమట తుడుచుకుంటూ.

సార్ పాప వైపు తిరిగాడు. "ఇరవై నాలుగు మామిడిపండ్లు ఉన్నయమ్మా. ఆరుగురికి సమానంగ పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?"

ఇంత సులువైనదా! నేను ఠక్కున శ్రావణి చేతి నాలుగు వేళ్ళు పట్టుకున్నాను. పిల్ల నిటారుగా కూర్చుంది. జంకు లేదు, బెదురు లేదు.

"నలభై వేలు సార్!"

సార్ కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నలభై వేల మామిడిపండ్లా?"

"ఆఖరు మాట సార్. ఇగ తగ్గేది లేదు."

అప్పుడు వెలిగింది నాకు. మా అంగడిలో జత ఎద్దుల బేరమంటే వేలికి పదివేలు. దూడలకైతే వేరే లెక్క, కానీ పిల్ల నాతో వచ్చినప్పుడల్లా చూసింది ఎద్దుల బేరాలే. మామిడిపండ్లకు వేరే లెక్క ఉంటుందని నేను చెప్పనే లేదు.

సార్ చాలా ఓపిక గల మనిషి. "సరే, ఇంకోటి. డోర్నకల్‌ల పది గంటలకు ఎక్కిన రైలు జనగామకు పన్నెండింటికి వచ్చింది. ప్రయాణం ఎన్ని గంటలు?"

నేను చెయ్యి వెనక్కి లాక్కోవాలనుకున్నాను. పిల్ల వదిలితే కదా! నోటితో చెబుదామంటే సార్ నన్నే చూస్తున్నాడు. తప్పదనుకుని రెండు వేళ్ళు మెల్లగా తాకాను, మెల్లగా తాకితే పదివేలు పోయి ఉత్త రెండు మిగులుతుందన్న ఆశతో.

"ఇరవై వేలు సార్!"

"గంటలా?" సార్ ముందుకు వంగాడు.

నేను కంగారులో పిల్ల చేయి గట్టిగా నొక్కాను. అంగడిలో అలా నొక్కితే కొంత తగ్గించమని అర్థం. పిల్ల నా వైపు జాలిగా చూసి సార్ వైపు తిరిగింది.

"సరే సార్, మీ మొఖం చూసి పద్దెనిమిది చేస్తున్న."

వెనకనుంచి ఒక పెద్దాయన, తలపాగా చుట్టుకున్న రైతు, లేచి నిలబడ్డాడు. "ఏయ్, గది అంగడి బేరం గదా! అరే తమ్మీ, ఎద్దులేవి?"

ఇక చూడండి, వరండా కప్పు లేచిపోయింది. ఒకామె నవ్వి నవ్వి తన కొడుకు వీపు మీద చరుస్తోంది. సార్ వచ్చి రెండు వేళ్ళతో తువ్వాల ఎత్తాడు. దాని కింద నా చేయి, మా బిడ్డ చేయి, చెమటకు తడిసి అతుక్కుపోయి ఉన్నాయి.

"నువ్వు గేటు బయట నిలబడు," అన్నాడు. మీరు అనలేదు, నువ్వు అన్నాడు.

బయట ఎండలో నిలబడ్డాను. నా పరువు సంగతి ఎటో పోయింది. నా పంతం వల్ల పిల్ల సీటు పోయిందే అని గేటు సందులోంచి తొంగి చూశాను. నేను లేకపోతే నోరు తెరవదే, ఒంటరిగా ఏం చెబుతుందే అని ఒకటే పరేషాన్. ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి, ఏడ్చాను కూడా. తుడుచుకోవడానికి తువ్వాల లోపల ఉండిపోయింది.

చాలాసేపటికి సార్, శ్రావణి గేటు దగ్గరికి వచ్చారు.

"అడిగినయన్నీ చెప్పింది," అన్నాడు సార్. "భిన్నాలు గూడ చెప్పింది. నీ బిడ్డకు బెదురు లేదయ్యా. బెదురంత నీకే."

"తీసుకుంటరా సార్?"

"బ్యాచ్ నిండిందని పాపకు చెప్పిన. ఇంకో పిల్లకు జాగ లేదని చెప్పిన. ఇగో ఈమె నా చేయి గుంజుకొని తువ్వాల కప్పింది."

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఒక్క చూపుడువేలు పట్టుకున్నది. ఏందమ్మా, పదివేలా అని అడిగిన. కాదు సార్, నేనొక్కదాన్నే అన్నది." సార్ తువ్వాల నా భుజం మీద వేశాడు. "ముప్పై ఏండ్లు బడి నడిపిన. బేరంల ఇట్ల ఎన్నడు ఓడిపోలే. శనివారం పంపు. నువ్వు మాత్రం గేటు కాడనే ఆగు."

ఏడాది చివర పరీక్ష రాసింది, గురుకులంలో సీటొచ్చింది. చేర్పించే రోజు రజిత నా భుజం మీద చెయ్యి వేసి వెతికి మరీ చూసింది, తువ్వాల ఉందేమోనని.

కనుక చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా పిల్లలు గానీ, మనుమలు గానీ, వాళ్ళ పిల్లలు గానీ ఏ పరీక్షకు కూర్చున్నా, నా రెండు చేతులూ అందరికీ కనబడేలా పైకెత్తి, గేటు బయటే నిలబడతాను. నా బిడ్డ ఇంటర్వ్యూకు పోయే రోజొస్తే, అసలు ఇల్లు కదలను.